అడకత్తెరలో పేగు: పిల్లల కడుపు మూసుకుపోతే తప్పు రక్తనాళానిదీ కావచ్చు

మా మేనకోడలికి 14 ఏళ్లు. పోయిన వానాకాలంలో టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టింది, 41 కిలోల పిల్ల 34కి దిగింది. జ్వరం తగ్గి స్కూలుకి వెళ్తుంటే ఇక గండం గట్టెక్కిందనుకున్నాం. అసలు తంతు అప్పుడే మొదలైంది. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందనేది, అరగంటకి పొట్ట పైభాగంలో నొప్పి, ఇంకాసేపటికి వాంతి, అందులో పొద్దున తిన్న ఇడ్లీ ముక్కలతో పాటు ఆకుపచ్చటి పసరు. మొదట చూసిన డాక్టరుగారు గ్యాస్ అన్నారు, రెండో ఆయన పరీక్షల టెన్షన్ అన్నారు, చుట్టాల్లో ఒకావిడ అయితే "ఈ కాలం పిల్లలు సన్నబడాలని తిండి మానేస్తున్నారమ్మా" అని తేల్చేసింది. దాచడమెందుకు, నేనూ కొంత అలాగే అనుకున్నా.

వదిన మాత్రం ఒకటి గమనించింది. నొప్పి వచ్చినప్పుడల్లా పిల్ల మంచం మీద బోర్లా తిరిగి మోకాళ్లు కడుపులోకి ముడుచుకునేది. అలా ఉంటే పది నిమిషాల్లో నెమ్మదించేది, వెల్లకిలా తిరిగితే మళ్లీ మొదలు. మూడో డాక్టరుగారి దగ్గర ఈ ముక్క చెప్పగానే ఆయన చీటీ రాయడం ఆపేసి, "ఎన్నాళ్ల నుంచి అలా పడుకుంటోందమ్మా?" అని అడిగారు. ఆ రోజే సీటీ స్కాన్ తీయించారు.

పేగులో ఏమీ లేదు. గడ్డ లేదు, పురుగుల ఉండ లేదు, మింగిన నాణెం లేదు. పేగుని బయటనుంచి ఒక రక్తనాళం నొక్కేస్తోంది, అంతే.

పేగు మూసుకుపోయిందంటే మనకి వెంటనే సింకు పైపులో చెత్త అడ్డుపడటం గుర్తొస్తుంది, చాలాసార్లు అది నిజమే కూడా. కానీ పిల్లల్లో, అరుదుగానే అయినా, గొడవ పైపులో కాక దాని పక్కన నడిచే రక్తనాళంలో ఉంటుంది. ఇలాంటి జబ్బులు ఓ పది దాకా ఉన్నాయి, పేర్లన్నీ నోరు తిరగనివి, వాటిని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం కూడా మనకి లేదు. ఆ తర్వాత నెలల తరబడి చదివి, కనపడిన డాక్టరునల్లా అడిగి నేను తెలుసుకున్న ముఖ్యమైన తేడా ఒక్కటే. కొన్నిట్లో రక్తనాళం పేగుని నొక్కుతుంది, పేగు మూసుకుంటుంది కానీ చచ్చిపోదు. కొన్నిట్లో రక్తనాళమే మూసుకుపోతుంది, అప్పుడు పేగు కుళ్లడం మొదలవుతుంది. మొదటి రకంలో వారాలు, నెలలు చేతిలో ఉంటాయి, రెండో రకంలో గంటలే.

మా పిల్లది మొదటి రకం. గుండె నుంచి దిగే పెద్ద ధమని వెన్నెముకని ఆనుకుని కిందకి వస్తుంది కదా, పొట్ట పైభాగంలో దాని ముందువైపు నుంచి ఒక కొమ్మ పుట్టి కిందకి వాలుతుంది. దాని పేరు సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ, ఆస్పత్రుల్లో ఎస్‌ఎంఏ అనేస్తారు. చిన్నపేగు దాదాపు మొత్తానికీ, పెద్దపేగులో సుమారు సగానికీ రక్తం పంచేది ఇదే. చెట్టు మానుకీ కొమ్మకీ మధ్య పంగ ఉన్నట్టు పెద్ద ధమనికీ దీనికీ మధ్య, తలకిందులుగా, ఒక పంగ ఉంటుంది. జీర్ణాశయం నుంచి బయటపడిన పేగు, అంటే డియోడినం, ఆ పంగలోంచే అడ్డంగా కుడి నుంచి ఎడమకి దాటుతుంది. ఆ సందులో కొంచెం కొవ్వు మెత్తలా ఉండి రెండు ధమనుల్నీ ఎడంగా పట్టి ఉంచుతుంది. మామూలుగా ఆ కోణం సుమారు 38 నుంచి 65 డిగ్రీలు, సందు 10 నుంచి 28 మిల్లీమీటర్లు. ఒళ్లు గబగబా కరిగిపోతే ఆ మెత్త కూడా కరిగిపోతుంది, కొమ్మ వచ్చి మానుకి దగ్గరవుతుంది, కోణం 25 డిగ్రీల లోపుకీ సందు 8 మిల్లీమీటర్ల లోపుకీ పడిపోతాయి, మధ్యలో పేగు అడకత్తెరలో పోకచెక్క. మా పిల్ల రిపోర్టులో 14 డిగ్రీలు, 5 మిల్లీమీటర్లు. బోర్లా పడుకుంటే పేగుల బరువు ముందుకి వాలి ఆ పంగ కాస్త తెరుచుకుంటుంది, అదీ ఆ పడకలోని కిటుకు. ఎవరూ చెప్పకుండా పిల్ల ఒంటికి అది తెలిసిపోయింది.

అడకత్తెర అన్న మాట నేను ఊరికే వాడలేదు. ఎడమ కిడ్నీ నుంచి వచ్చే సిర కూడా సరిగ్గా ఇదే సందులోంచి దాటుతుంది. అది నలిగితే మూత్రంలో రక్తం కనబడొచ్చు, ఎడమ డొక్కలో నొప్పి రావచ్చు. దానికి పెట్టిన పేరు నట్‌క్రాకర్ సిండ్రోమ్. వాళ్లు బాదం పప్పులు కొట్టుకునే పనిముట్టు పేరు పెట్టుకున్నారు, మనకైతే పోకచెక్క గుర్తొస్తుంది, బాధ మాత్రం ఒకటే.

మా పిల్లకి వచ్చిన జబ్బు పేరు ఎస్‌ఎంఏ సిండ్రోమ్, ఇది కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. 19వ శతాబ్దంలో వియన్నాలో శవపరీక్షలు చేసిన రోకిటాన్‌స్కీ దీన్ని వర్ణించాడు. 1927లో ఎడిన్‌బరో సర్జన్ డేవిడ్ విల్కీ 75 మంది రోగుల వివరాలు ఒకచోట పెట్టి రాశాడు, అందుకే కొందరు విల్కీ సిండ్రోమ్ అంటారు. జ్వరాలతో చిక్కిపోయిన పిల్లల్లోనే కాదు, పెద్ద కాలిన గాయాల తర్వాతా, తిండి మీద విరక్తితో ఎండిపోయే టీనేజి పిల్లల్లోనూ, బరువు పెరగకుండా ఒక్కసారిగా పొడుగు సాగిన వాళ్లలోనూ ఇది వస్తుంది. అన్నిటికన్నా ఆశ్చర్యంగా, వంకర వెన్నెముకని సరిచేసే ఆపరేషన్ తర్వాత కూడా వస్తుంది. నడుం నిటారుగా అవ్వగానే లోపల ఆ కోణం ఇరుకైపోతుంది. అలాంటి పిల్ల ఆపరేషనైన వారానికి ఆగకుండా కక్కుతుంటే, నొప్పి మందుల వికారం అని సరిపెట్టుకుంటే పొరపాటే. వెనకటికి ఛాతీ నుంచి తుంటి దాకా పిండికట్టు వేసినప్పుడు కూడా ఇదే జరిగేది, అప్పుడు దీన్ని కాస్ట్ సిండ్రోమ్ అనేవాళ్లు.

ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎవరికి సీటీ తీసినా ఏదో ఒక కొలత బయటికొస్తోంది. కోణం తక్కువుందని జబ్బు ఉన్నట్టు కాదు. సన్నగా ఉండే చాలామంది ఆరోగ్యవంతుల్లో కూడా ఆ కోణం ఇరుకుగానే ఉంటుంది, వాళ్లు హాయిగా బిర్యానీలు తింటుంటారు. అడ్డంకి ఉన్నట్టు ఆధారం కావాలి, అంటే జీర్ణాశయం, డియోడినం ఉబ్బి ఉండి, ఆ ధమని దాటే గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోవాలి. తెల్లటి మందు తాగించి తీసే ఎక్స్‌రేలో ఇది కంటికి కనబడుతుంది. మందు ఆ గీత దాకా వచ్చి, ముందుకి పోలేక వెనక్కీ ముందుకీ ఊగుతుంటుంది.

వైద్యం వింటే నవ్వొస్తుంది. తినలేకపోవడమే జబ్బయితే, తినడమే మందు. చిక్కిపోయింది కాబట్టి తిండి దిగట్లేదు, తిండి దిగట్లేదు కాబట్టి ఇంకా చిక్కిపోతోంది. ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపాలి. ముందు పొట్టలో నిలవున్నదంతా ముక్కు గొట్టంతో తోడేశారు, ఒంట్లో తగ్గిన పొటాషియం సరిచేశారు. తర్వాత ఇంకో సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి జీర్ణాశయం దాటించి, నలిగిన చోటు కూడా దాటించి, అవతలి పేగులో దించారు. దాని గుండా రాత్రింబవళ్లు చుక్క చుక్కగా ద్రవాహారం. మా అమ్మ ఈ లోపు సున్నుండలు చేసి డబ్బాలో పెట్టుకుని ఆస్పత్రికి వచ్చేసింది, డైటీషియన్ అమ్మాయి ఆవిడ్ని గుమ్మంలోనే ఆపేసింది. నోటితో అప్పుడే వద్దన్నది ఒక కారణమైతే, వారాల తరబడి మాడిన ఒంటికి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ధడేల్‌న పడిపోయి గుండెకే ముప్పు రావచ్చన్నది రెండోది. అందుకే మొదటి వారం లెక్కపెట్టి పోశారు, రోజూ రక్తపరీక్ష. బరువు ఎక్కిన కొద్దీ ఆ కొవ్వు మెత్త మళ్లీ వస్తుంది, పంగ తెరుచుకుంటుంది. పిల్లల్లో చాలామందికి ఇంతటితో సరిపోతుంది. సరిపోకపోతే ఆపరేషన్. నలిగిన చోటుని వదిలేసి, దానికి ముందున్న పేగుని తర్వాతి పేగుతో కలిపేస్తారు, ఊరి మధ్య ఇరుకు సందుకి బైపాస్ వేసినట్టు. మా పిల్లకి ఆ అవసరం రాలేదు.

ఇప్పుడు గంటల లెక్క ఉండే రకం. ఇక్కడ కూడా కథానాయకుడు అదే ధమని, కానీ పాత్ర వేరు.

చెట్టుకి ఉయ్యాల కట్టేటప్పుడు రెండు తాళ్లూ ఎడంగా కడితే ఉయ్యాల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, మెలిపడదు. రెండు తాళ్లూ ఒకే చోట దగ్గరగా కట్టి చూడండి, కాస్త పక్కకి తోస్తే చాలు, గిర్రున తిరిగి మెలిపడిపోతుంది. పేగులు కూడా వీపు గోడకి ఒక పొరతో ఇలాగే వేలాడుతుంటాయి, ఎస్‌ఎంఏ ఆ పొరలోంచే వస్తుంది. తల్లి కడుపులో ఆరో వారం నుంచీ శిశువు పేగు బొడ్డుతాడులోకి పొడుచుకెళ్లి, ఆ ధమనినే ఇరుసుగా చేసుకుని 270 డిగ్రీలు తిరిగి, వెనక్కొచ్చి కుదురుకుంటుంది. అంతా సవ్యంగా జరిగితే దాని మొదలు ఎడమ పైమూలనా, చివర కుడి కింది మూలనా అతుక్కుంటాయి, అంటే ఉయ్యాల తాళ్లు బాగా ఎడంగా పడినట్టు. తిరగడం మధ్యలో ఆగిపోతే రెండు కొసలూ దగ్గరదగ్గరగా పడతాయి. దీన్నే మాల్‌రొటేషన్ అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఇలా ఉంటుందని అంచనా, వాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు, కొందరికి మాత్రం ఒక రోజు మొత్తం చిన్నపేగంతా ఆ ధమని చుట్టూ మెలిపడిపోతుంది. దాని పేరు మిడ్‌గట్ వాల్వులస్.

మెలిపడినప్పుడు ముందుగా నలిగేది సిర, దాని గోడ పల్చన కాబట్టి. అంటే రక్తం లోపలికి వస్తోంది, బయటికి పోవట్లేదు. పేగు ఉబ్బి, నేరేడుపండు రంగుకి తిరుగుతుంది. తర్వాత ధమని కూడా మూసుకుంటుంది, ఇక కొన్ని గంటల్లో పేగు చచ్చిపోతుంది. ఇలా మెలిపడే వాళ్లలో చాలామంది నెల కూడా నిండని పసికందులు. నిన్నటిదాకా బాగా పాలు తాగిన బిడ్డ ఇవాళ ఆకుపచ్చగా కక్కుతుంది. ఇందులో మోసం ఏమిటంటే మొదట్లో పొట్ట మెత్తగా, మామూలుగానే ఉంటుంది, అడ్డం పైనెక్కడో పడింది కాబట్టి ఉబ్బరం కనబడదు. పొట్ట ఉబ్బి, విరేచనంలో రక్తం పడేసరికి అప్పటికే ఆలస్యమైనట్టు.

మన భాషలో ఈ వాంతికి ఎంత చక్కటి పేరుందో చూడండి, పసరు. కాలేయం నుంచి పేగులోకి దిగే పిత్తరసమే ఇది, ఆకు నలిపితే వచ్చే పసరు రంగే. పాలు విరిగి తెల్లగా కక్కడం వేరు, అది పిల్లలందరూ చేసేదే. నెలల పసికందు ఆకుపచ్చ పసరు కక్కితే, కాదని రుజువయ్యే దాకా అది పేగు మెలి అనే అనుకోవాలని పిల్లల సర్జన్లు తమ జూనియర్లకి మొదటి రోజు చెప్పే పాఠం. అప్పుడు దిష్టి తీయడం, గ్రైప్ వాటర్ పట్టడం, పొట్ట కదలాలని ఆముదం పోయడం, ఇవన్నీ గంటల్ని తినేసే పనులు. ఆముదమైతే టైము తినడమే కాదు, మూసుకున్న పేగుకి అసలే పనికిరాదు. పాలు కూడా పట్టకుండా, 108కి ఫోన్ చేసి, పిల్లల సర్జన్ ఉన్న చోటుకి నేరుగా తీసుకెళ్లాలి. హైదరాబాద్ నీలోఫర్, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఆ విభాగాలున్నాయి. సర్జన్ లేని నర్సింగ్‌హోమ్‌లో "రేపు పొద్దున చూద్దాం" అంటే ఒప్పుకోకండి.

అల్ట్రాసౌండ్‌లో ఈ మెలి సుడిగుండంలా కనబడుతుంది, మధ్యలో ధమని, దాని చుట్టూ తిరుగుతున్న సిర, పేగు. ఆపరేషన్ ఇప్పటికీ బోస్టన్ సర్జన్ విలియం ల్యాడ్ 1936లో రాసిన పద్ధతిలోనే సాగుతుంది. పేగు ఎక్కువగా గడియారం తిరిగే వైపే మెలిపడుతుంది కాబట్టి సర్జన్ దాన్ని ముల్లు వెనక్కి తిప్పినట్టు ఒక్కో చుట్టే విప్పుతాడు. తర్వాత గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన గుడ్డ పేగు మీద కప్పి ఎదురుచూస్తారు. ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆ గుడ్డ కిందికే చూస్తుండే నిమిషాలు అవి. నల్లబడిన పేగు గులాబీ రంగుకి తిరిగితే బతికినట్టు. అనుమానంగా ఉంటే అప్పుడే కోసేయకుండా పొట్ట మూసి, ఒకటి రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చూస్తారు, ఎందుకంటే చిన్నపేగు మరీ ఎక్కువ పోతే ఆ బిడ్డ ఏళ్ల తరబడి సిరలోకి ఎక్కించే ఆహారం మీదే బతకాల్సి రావచ్చు. ఇంకో తమాషా ఏమిటంటే ల్యాడ్ ఆపరేషన్‌లో పేగుల్ని 'సరైన' చోట పెట్టరు. ఉయ్యాల తాళ్లు ఎడం చేయడమే లక్ష్యం కాబట్టి చిన్నపేగుని కుడివైపుకీ పెద్దపేగుని ఎడమవైపుకీ సర్దేస్తారు. అప్పుడు అపెండిక్స్ ఎడమవైపుకి వచ్చేస్తుంది, రేపెప్పుడో అది వాచి ఎడమవైపు నొప్పొస్తే ఎవరూ పోల్చుకోలేరని సాధారణంగా దాన్ని కూడా తీసేస్తారు.

రక్తం ఆగిపోవడం పుట్టకముందే జరిగితే? ఇందులో నాకు బాగా నచ్చిన కథ కేప్‌టౌన్‌ది. కొందరు పిల్లలు పేగులో ఒక ముక్క లేకుండానే, రెండు కొసలూ మూసుకుపోయి పుడతారు. శిశువు ఎదిగే తొలి వారాల్లో పేగు గట్టిగా మూసుకుని ఉండి తర్వాత బోలుగా తెరుచుకుంటుందనీ, ఆ తెరుచుకోవడం జరగకే ఇలా అవుతుందనీ చాలాకాలం అనుకున్నారు. డియోడినం విషయంలో ఇప్పటికీ ఆ మాటే చెబుతారు. కానీ కింది పేగుల్లో ఈ లెక్క కుదరలేదు. మూసుకున్న చోటుకి అవతల పసరూ, శిశువు ఉమ్మనీటితో పాటు మింగిన నూగు వెంట్రుకలూ దొరికేవి. దారి ఎప్పుడూ లేకపోతే అవి అవతలికి ఎలా వెళ్లాయి? అంటే ఒకప్పుడు దారి ఉండి, తర్వాత పోయిందన్నమాట. యాన్నీ లోవ్ అనే సర్జన్ దగ్గర పనిచేస్తున్న ఒక కుర్ర డాక్టరు, కడుపుతో ఉన్న కుక్కల గర్భం తెరిచి, లోపలి పిల్లల పేగులకి రక్తం ఇచ్చే నాళాల్ని ముడివేసి, తిరిగి కుట్టేశాడు. నలభైకి పైగా ప్రయత్నాలు పోయాక, పుట్టిన కుక్కపిల్లలో అచ్చం అలాంటి పేగే కనబడింది. లోవ్, ఆ కుర్రాడు కలిసి 1955లో లాన్సెట్ పత్రికలో రాశారు. గర్భంలో సూక్ష్మజీవులు ఉండవు కాబట్టి చచ్చిన పేగు ముక్క కుళ్లకుండా మెల్లగా కరిగి మాయమైపోతుంది, అదీ జరిగేది. దీనివల్ల ఆపరేషన్ కూడా మారింది. అంతకుముందు రెండు కొసల్నీ ఉన్నపళంగా కలిపి కుట్టేవాళ్లు, అవి పనిచేసేవి కావు, ఎందుకంటే ఆ కొసలకే రక్తం సరిగ్గా అందట్లేదు. ఆ ఉబ్బిన కొసని కొంత కోసేసి, రక్తం బాగా ఆడే చోట కలపడం మొదలుపెట్టాక పిల్లలు బతకడం మొదలైంది. ఆ కుర్ర డాక్టరు పేరు క్రిస్టియాన్ బర్నార్డ్, 1967 డిసెంబరులో ప్రపంచంలో మొదటిసారి మనిషికి మనిషి గుండె మార్చిన ఆయనే. గుండె సంగతి అందరికీ తెలుసు, పేగు సంగతి ఎవరికీ పట్టదు.

మిగతావి త్వరగా చెప్పేస్తా. రక్తనాళాల గోడలు వాచే జబ్బుల్లో పిల్లలకి ఎక్కువగా వచ్చేది ఐజీఏ వాస్క్యులైటిస్, పాత పేరు హెచ్‌ఎస్‌పీ. కాళ్ల మీదా పిర్రల మీదా చేతికి తగిలే ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పులు, కడుపునొప్పి. పేగు గోడలో రక్తం చేరి ఉబ్బిన చోటు ముందున్న పేగులోకి దూరిపోవడం ఇందులో నూటికి రెండు మూడు కేసుల్లో జరుగుతుంది. మామూలుగా పసిపిల్లల్లో పేగులో పేగు దూరితే కిందనుంచి గాలి పంపి వెనక్కి నెట్టేస్తారు, ఇక్కడ ఎక్కువగా చిన్నపేగు చిన్నపేగులోనే దూరుతుంది కాబట్టి ఆ గాలి అంతదాకా అందదు. కొందరిలో కడుపునొప్పి ముందొచ్చి మచ్చలు రోజుల తర్వాత కనబడతాయి, అంతదాకా అందరూ తల పట్టుకోవాల్సిందే. కడుపునొప్పి తగ్గిపోయాక కూడా నెలల పాటు మూత్రపరీక్ష చేయించమంటారు, మానేయకండి, అది కిడ్నీల కోసం.

ఇంకొకటి మరీ అరుదు, బ్లూ రబ్బర్ బ్లెబ్ నీవస్. 1958లో విలియం బీన్ పెట్టిన పేరు. చర్మం మీద నీలంగా మెత్తటి బుడిపెలు, వేలితో నొక్కితే అణిగి, వదిలితే మళ్లీ రక్తం నిండి లేస్తాయి. అలాంటివే పేగులోనూ ఉంటాయి, చుక్కచుక్కగా కారుతుంటాయి. ఎంత ఐరన్ టానిక్ పోసినా రక్తం పెరగని పిల్ల ఒంటి మీద ఇలాంటి నీలి బుడిపెలు ఉంటే డాక్టరుకి చూపించాలి. ఆ బుడిపె పట్టుకుని పేగు పేగులోకి దూరొచ్చు, మెలి కూడా పడొచ్చు. ఈ మధ్య సిరోలిమస్ అనే మాత్రతో చాలామందికి రక్తస్రావం తగ్గుతోంది. పేగుల పొరలో లింఫు నాళాలు నీటితిత్తుల్లా ఉబ్బే జబ్బు కూడా ఉంది, ఆ బరువుకి పేగు మెలిపడుతుంది. కాలేయానికి వెళ్లే పెద్ద సిర డియోడినం వెనకగా కాక ముందుగా వెళ్లడం మరొకటి. ఇందులో సర్జన్ ఆ సిర జోలికి పోకుండా పేగునే దారి మళ్లిస్తాడు.

ఇక ఇంట్లోవాళ్లు చేయగలిగింది వదిన చేసిందే. ఏ డాక్టరూ అడక్కముందే ఆవిడ వాంతి అయిన ప్రతిసారీ ఫోన్‌తో ఫోటో తీసేది, తిన్న టైమూ కక్కిన టైమూ క్యాలెండర్ మీద రాసేది. "పచ్చగా ఉందండీ" అంటే పసుపో ఆకుపచ్చో ఎవరికి తెలుస్తుంది, మన భాషలో రెండూ పచ్చే కదా. ఫోటో చూస్తే సందేహం ఉండదు. మా పిల్ల ఇప్పుడు 43 కిలోలు, సున్నుండల డబ్బా ఖాళీ చేస్తోంది. ఆ ఫోటోలు మాత్రం వదిన ఫోన్‌లో, పెళ్లి ఫోటోలకీ గృహప్రవేశం ఫోటోలకీ మధ్యలో, ఇంకా అలాగే ఉన్నాయి. తీసేయొచ్చు కదా అంటే, వచ్చే నెల చెకప్ అయ్యాక చూద్దాంలే అంటుంది.